మా బేట్, అద్దం పడవ

మా అక్క లచ్చక్క బేట్‌కు వస్తానని ఒప్పుకున్నదని శంకర్ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. "ఎవరు ఒప్పుకున్నరురా?" అని మళ్లీ మళ్లీ అడిగాను. "అవ్వే చిన్నవ్వా. మానసతోని బేట్‌కు పోతదట. నిన్ను గూడ రమ్మంటుంది" అన్నాడు. తల్లి గురించి చెబుతున్న వాడి గొంతులోనూ నమ్మలేనితనమే. లచ్చక్క నాకన్నా చాలా పెద్దది. పెళ్లై ముల్చేర పోయినప్పటి నుంచి ఆమె చూసిన లోకమంతా కలిపితే ఇటు చామోర్షి బజారు, అటు గడ్చిరోలిలో కళ్ల డాక్టరు. సిరోంచకు, సొంత పుట్టింటికి రమ్మన్నా ఏదో ఒక సాకు చెప్పేది. వచ్చినా వంటింట్లో కూర్చునేది తప్ప ఏటి వైపు ముఖం తిప్పేది కాదు. అట్లాంటి మనిషి సముద్రాలు దాటి కరీబియన్ దీవికి వస్తానంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

మానస శంకర్ కూతురు, లచ్చక్కకు మనవరాలు. శంకర్ అక్కకు పెద్దకొడుకు, అంటే మేమంతా పెద్దకొడుకనే అంటాం. ఈ పిల్ల నాగ్‌పూర్‌లో హోటల్ చదువు చదివి, పెద్ద ఓడ మీద వంటింట్లో పనికి కుదిరింది. ఆ ఓడ వెస్ట్ ఇండీస్ దీవుల మధ్య తిరుగుతుంది. అక్కడ పనిచేసేవాళ్లు ఇంటివాళ్లను ఇద్దరిని పిలిపించుకోవచ్చునట. తల్లీతండ్రీ పొలం నాట్లు విడిచి రాలేమన్నారు. అందుకని పిల్ల బాపమ్మను, బాపమ్మకు తోడుగా నన్ను ఎంచుకుంది. మరాఠీ బడిలో చదివిన మా పిల్లలకు దీవి అన్న మాట రాదు. దీవి అంటే దీపమా అని అడుగుతారు. వాళ్లకు అది బేట్. మా అక్కాచెల్లెళ్లకూ అది బేటే. కాకపోతే మా ఇంట్లో ఆ మాటకు లోకం మొత్తం మీద ఒక్కటే చోటు ఉండేది. ఆ సంగతి ఫోన్‌లో మాట్లాడుతున్న నాకు గుర్తు రాలేదు, మానసకైతే తెలియనే తెలియదు.

పిల్ల ఒకరోజు వీడియోలో అక్కను, నన్ను ఇద్దరినీ కలిపింది. అక్క ఫోన్‌ను చెవికి ఆనించుకుంటే నాకు తెర నిండా ఆమె చెవికమ్మే కనిపించింది. "బాపమ్మా, మొకం ముంగట వెట్టుకోవే" అని పిల్ల మొత్తుకుంది. తర్వాత ఓడ ఆగే, మేము ఉండబోయే బేట్ మీద చూడాల్సిన మంచి మంచి చోట్లన్నీ వరసపెట్టి చెప్పడం మొదలుపెట్టింది. సముద్రంలోంచి నిలువుగా లేచిన రెండు గుట్టలు, ఉడుకు నీళ్ల బుగ్గ, దాని పక్కన బురద. ఆ బురద ఒంటికి పూసుకొని స్నానం చేయడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారట. "అయ్యో నా తల్లి, మట్టి పూసుకోనీకి గంత దూరం వోవాల్నా? మా అవ్వ ఉత్తగనే పూసేది" అన్నాను నేను. మానస పడీ పడీ నవ్వింది. ఇంకా ఒక జలపాతం, ఫిరంగులున్న పాత కోట, కోకో తోట, తెల్లటి ఇసుక ఒడ్డు, అక్కడ నీడకు పడుకోవడానికి గడ్డి కప్పిన గొడుగులు. అక్క అన్నింటికీ ఊఁ కొడుతోంది, మనసు ఎక్కడో ఉన్నట్టు.

"ఇంకోటున్నది బాపమ్మా, అది మస్తుంటది. అద్దం పడవ" అంది మానస. "పడవ అడుగంత అద్దమే. కూసుండి కిందికి జూస్తె నీళ్ల అడుగు మొత్తం కనవడ్తది. చేపలు, రాళ్లు, ఇసుక, అన్ని చేతిల వెట్టి సూపిచ్చినట్టు."

అక్క ఊఁ కొట్టడం ఆపింది. "ఇసుక గూడనా?" అంది.

"ఇసుక గూడ."

"నీళ్లల్ల మునిగిన బేట్ గూడ కనవడ్తదా?"

"అంత కనవడ్తది బాపమ్మా. వెస్ట్ ఇండీస్ అంటే ఏమనుకున్నవ్?"

"వెస్ట్ అంటే పడమర కాదానే సరూ?" అని అక్క నన్ను అడిగింది. అవునన్నాను. "పడమటి బేట్" అని తనలో తాను అనుకుంది. ఆ వెంటనే, "వస్త బిడ్డా" అంది.

ఆ తర్వాత అన్నీ నన్ను ఆశ్చర్యంలో ముంచినవే. పాస్‌పోర్టుకు ఫోటో దిగమంటే దిగింది. వేళ్లు పెట్టమంటే పెట్టింది. రేషన్ దుకాణంలో బియ్యానికి కూడా వేలు పెట్టే కాలం కదా, బేట్‌కు పోవడానికి పెట్టమంటే ఆమెకు వింత అనిపించలేదు. గడ్చిరోలికి, అటు నుంచి ఇంకెక్కడికో శంకర్ తిప్పినా కాళ్లు నొప్పులనలేదు. తీరా పాస్‌పోర్టు వచ్చాక "నన్ను సిరోంచల దించు, సరూ తోని కలిసి పోత" అని పట్టుబట్టింది. విమానానికి ఇంకా చాలా రోజులున్నయిరా, అప్పుడే ఎందుకని నేను ఫోన్‌లో కసిరితే, "ఏం జెయ్యాలె చిన్నవ్వా, పరేషాన్ చేస్తుంది" అన్నాడు. అట్లా ఆమె చిన్న గుడ్డ సంచితో మా ఇంటి ముందు జీపు దిగింది. దిగీ దిగగానే పుట్టింటి గడప ముట్టి మొక్కే మనిషి, ఆ రోజు ముందు పడమటి వైపు తిరిగి నిలబడింది. మా ఇంటికి పడమర ప్రాణహిత ఏరు.

ఇక్కడ నేను మా బేట్ గురించి చెప్పాలి. నాకు దాని గురించి చెప్పడమంటే ఎప్పుడూ ఇష్టమే. ఎంతమందికి చెప్పానో, ఎన్ని చోట్ల రాశానో. చిన్నతనంలో నువ్వు చూసిన మంచి జాగ ఏదని ఎవరడిగినా నా నోట ముందు వచ్చేది మా బేటే. వరి కోతలైపోయి ఏరు సన్నబడ్డాక నడి ఏట్లో ఇసుక తేలేది. అది పెద్దదే, ఒక చివర నిలబడి పిలిస్తే రెండో చివర వినపడేది కాదు. అమ్మానాన్నలను మేము అవ్వ, బాపు అంటాం. బాపు, అవ్వ, నేను, వంట సామాను, మేక ఒకటి, అందరం పడవలో ఎక్కి అక్కడికి పోయి ఎండాకాలమంతా అక్కడే ఉండేవాళ్లం. బాపు రెల్లుగడ్డితో గుడిసె వేసేవాడు. ఇసుకలో వరసగా గుంతలు తీసి, అడుగున పెంట వేసి, పుచ్చ గింజలు, కర్బూజ గింజలు పెట్టేవాడు. పక్కనే చేతులతో చెలిమె తోడితే నీళ్లు ఊరేవి. కుండతో ముంచి ఒక్కో గుంతకు పోయడం అవ్వ పని, నా పని. పొద్దున్నే ఇసుక చల్లగా, కాళ్ల కింద మెత్తగా ఉండేది. ఎండెక్కితే అదే ఇసుక మీద అడుగు పెట్టలేక గెంతుకుంటూ గుడిసెలోకి ఉరికేదాన్ని. మధ్యాహ్నం జొన్న గట్క, చేపల పులుసు. సాయంత్రం అడవి వైపు నుంచి గాలి తిరిగితే ఇప్పపువ్వు వాసన ఏరు దాటి వచ్చేది. ఆ వాసనకు బాపు నిట్టూర్చి, అవ్వ వైపు దొంగచూపు చూసి, ఇంకో చుట్ట అంటించేవాడు. అవ్వకు ఇప్పసారా పేరెత్తితే పడేది కాదు.

బాపు గంభీరమైన మనిషి. కాయ పండిందో లేదో వేలితో కొట్టి చెవి పెట్టి వినేవాడు, ఎవరో లోపల నుంచి మాట్లాడుతున్నట్టు. మొదటి కాయ కోసినప్పుడు దాన్ని ఏటికి ఇచ్చేవాడు. "ఏరు ఇచ్చిన జాగ, ఏటికి ముంగట వెట్టాలె" అనేవాడు. నేను ఆ కాయ కోసం ఏడ్చేదాన్ని. అవ్వ నా వీపు మీద ఒకటి చరిచి, తర్వాత తానే ఎర్రటి ముక్క నా నోట్లో పెట్టేది. తిన్నాక గింజలు ఉమ్మి, కడిగి, పెనం మీద వేయించేది. ఆ వేగిన గింజల వాసన ఇప్పటికీ నాకు పండుగ వాసన. ఇప్పుడు బజారులో పుచ్చకాయ ఏ నెలలోనైనా దొరుకుతుంది, తీపి కూడా ఎక్కువే. గింజలు మాత్రం లేకుండా పండిస్తున్నారు, ఏం లోకమో!

చివరిసారి బేట్‌కు పోయిన ఏడు అక్క కూడా మాతో ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో కావాలి కదా, ముల్చేర నుంచి బాపు తోలుకొచ్చాడు. పుట్టింటివాళ్లమంతా బేట్ మీదే ఉంటే అక్క మాత్రం ఊళ్లో ఎవరితో ఉంటుంది? ఆమె కూడా పడవెక్కింది. గుడిసె నీడలో కాళ్లు చాపుకొని కూర్చొని నాకు పేలు చూసేది. నేను ఆమె కడుపు మీద చెవి పెడితే, "కాయ పండిందానే?" అని నవ్వేది. అంతకన్నా సంతోషమైన ఎండాకాలం నాకు మళ్లీ రాలేదని ఎన్నిసార్లు రాసుకున్నానో. ఒక పొద్దున మాత్రం అవ్వ నన్ను హడావుడిగా లేపి, ఊళ్లో మేనత్త ఇంటికి పడవలో పంపేసింది. కొన్నాళ్లకు తిరిగి వచ్చేసరికి అక్క గుడిసెలో గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. పిలగాడు దక్కలేదని, అక్కను ఏమీ అడగొద్దని అవ్వ చెప్పింది. నేను అడగలేదు. ఊళ్లో ఎక్కడో పెట్టి ఉంటారనుకున్నాను. పిల్లలకు ఒక మాట చెబితే దాని వెనక ఇంకో మాట ఉంటుందని తోచదు. నాలుగు రోజులు బిక్కుబిక్కుమంటూ ఉండి, మళ్లీ ఇసుకలో ఆటలో పడ్డాను. ఆ ఏడు కాయ విరగ్గాసింది. గుడిసెకు కొంచెం అవతల, తీగ లేని చోట బాపు ముళ్లకంప కుప్పగా వేసి ఉంచాడు. ఇక్కడ కాయలు లేవు కదా, కంపెందుకని అడిగితే "నక్కలే బిడ్డా" అన్నాడు. మరుసటేడు ఏరు సన్నబడ్డా మేము బేట్‌కు పోలేదు. ఆ మరుసటేడూ పోలేదు. నేను కింద పడి పొర్లి ఏడ్చాను. మా బేట్ ఇంకెవరో దున్నుకున్నారు. తర్వాత ఎన్నో వరదలొచ్చాయి, ఇసుక లారీలొచ్చాయి, కింద గోదావరి మీద బ్యారేజీ వచ్చింది. వెనక్కి ఎక్కిన నీళ్లలో మా బేట్ మునిగిపోయింది.

అక్క వచ్చిన మరునాడు పొద్దున్నే అరుగు మీద కూర్చొని, మాకు కావలసిన సామాను గురించి చెబుతున్నాను. నాగ్‌పూర్‌లో విమానం ఎక్కాలె, చలికి శాలువ పెట్టుకోవాలె అని. అక్క నన్ను వింతగా చూసింది.

"విమానమేందే? పడవ మన రేవులకే అస్తది గద?"

"ఏ పడవ?"

"అద్దం పడవ. జర తొందరగ పోతె ఎండ రాకముందు మంచిగ కనవడ్తది."

ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చింది. పడమటి బేట్. మునిగిన బేట్ గూడ కనవడ్తదా అన్న మాట. ఊఁ కొట్టడం ఆపిన క్షణం. ఈమె ఇన్నాళ్లూ ఫోటోలు దిగి, వేళ్లు పెట్టి, ఇంత దూరం వచ్చింది ప్రాణహిత మీద పడవెక్కడానికి!

"అక్కా, మన బేట్ కాదే గది" అన్నాను. "గది ఇంకో బేట్. సముద్రంల. మానస ఉన్న దిక్కు. మన ఏట్ల అద్దం పడవలు లేవే."

అక్క కోపగించుకోలేదు, ఏడవలేదు. "గట్లనా" అంది. తర్వాత, "మన బేట్ మునిగిందని శంకర్ జెప్పినప్పుడు ఇగ ఏం లేదనుకున్ననే. గా పోరి అద్దం పడవ అనంగనే పానం లేసచ్చింది. ఒక్కపారి జూస్తె సాలనుకున్న" అంది.

"ఏం జూస్తవే నీళ్ల అడుగున? ఇసుకనా?"

"వాణ్ని వెట్టిన జాగ."

ఆమె సంచిలోంచి ఒక గుడ్డ మూట తీసింది. అందులో నల్ల దారం, దానికి చిన్న రాగి పూస. అవ్వ పేనిన మొలతాడు. పిలగానికి పురుడయ్యాక కట్టాలని కాన్పుకు ముందే పేని పెట్టిందట. "బాపు ఒక్కడే తీస్కపోయిండు. నన్ను లేవనియ్యలే. గుడిసెల పండుకోని తలుపు సందుల నుంచి జూసిన. గా కర్బూజ వరుస దాటినంక, ఎడమ దిక్కు. నక్కలు తవ్వుతయని ముండ్లకంప ఏసిండు. గిది నా చేతిలనే ఉండిపాయె. కట్టక ముందే పోయిండని వాని తోని వెట్టలే. నెల నిండకుంట నన్ను ముల్చేర తోలిండ్రు. మల్ల ఆ బేట్ మీద కాలు వెట్టలే."

ముళ్లకంప. ఆ కంప పక్కన నేను గుజ్జనగూళ్లు ఆడుకున్నాను. దాని మీద నా లంగా ఆరేసుకున్నాను. ఆ పక్క వరసలో కాసిన కాయలు తిన్నాను, గింజలు వేయించుకు తిన్నాను, ఇన్నేళ్లూ ఆ వాసనను పండుగ వాసన అని నలుగురికీ చెప్పుకున్నాను. బాపు కాయ కాసినంతకాలం అక్కడే ఉండి, ఏటికి ఇవ్వాల్సింది ఏటికి ఇచ్చి, మరుసటేడు ఎందుకు పోలేదో నాకు అప్పుడు అర్థమైంది. అప్పటి బాపుకు ఇప్పటి నా వయసు కూడా ఉండదు. నేను లోకంలో అన్నింటికన్నా మంచి జాగ అని చెప్పుకునే చోటు మా అక్కకు తొలి కొడుకును, శంకర్‌కు అన్న కావలసినవాణ్ని, పూడ్చిన చోటు. ఇంట్లో అందరికీ తెలుసు. నాకు తప్ప.

"నాకెందుకు జెప్పలేదే అక్కా? ఇన్నేండ్లు!" అని అరిచాను. అరవడం తప్ప నాకు ఇంకేమీ చేతకాలేదు.

"నువ్వు బేట్ ముచ్చట చెప్తుంటె మొకం ఎలుగుతుండెనే. ఎట్ల జెప్పుదు?" అంది. పుచ్చకాయ ముక్క ముందు పెడితే పళ్లు జివ్వుమంటాయని అక్క పక్కకు జరిపేది. పళ్ల డాక్టరుకు చూపించుకోవే అని ఎన్నిసార్లు తిట్టానో ఆమెను.

ఆ మధ్యాహ్నం ఇద్దరం రేవుకు పోయాం. పడవ నడిపే అతను మా బేట్ ఉన్న చోటు తనకు తెలుసునని, అక్కడికి తోలుకుపోతానని అన్నాడు. అక్క వద్దంది. నీళ్లు ఎర్రగా, మట్టిగా ఉన్నాయి. చెయ్యి ముంచితే వేళ్లు కనిపించలేదు. ఆమె ఒడ్డునే కూర్చొని చాలాసేపు చూసింది. నేను పక్కన కూర్చొని ఏడుస్తూనే ఉన్నాను, ఆమె నన్ను ఓదార్చింది. ఎవరు ఎవరిని ఓదార్చాలో చూడండి.

"సరూ, గా మానస ఉన్న కాడ నీళ్లు తేటగుంటయా?" అంది ఉన్నట్టుండి.

"ఉంటయట."

"మన ఏరు ఏడికి పోతది?"

"గోదాట్ల కలుస్తది. గోదారి పోయి సముద్రంల కలుస్తది."

"గా సముద్రం, గీ సముద్రం ఒక్కటే కాదానే? నడుమ కట్టలేమన్న ఉంటయా?"

నేను బడిలో భూగోళం చదివాను, సముద్రాల పేర్లన్నీ మరాఠీలో గడగడా అప్పజెప్పి శభాష్ అనిపించుకున్నాను. కట్టలు ఉండవని చెప్పాల్సి వచ్చింది. "ఉండయి అక్కా. నీళ్లన్ని ఒక్కటే."

"మరి ఇంక ఈడ ఉంటడా వాడు? ఇన్ని వరదలాయె. ఎప్పుడో పోయి ఉంటడు" అంది. కొంగుతో నా ముఖం తుడిచి, మోకాలి మీద చెయ్యి వేసుకొని లేచింది. "పోదాం పా. శాలువ ఏదో పెట్టుకోవాలంటివి గద."

సాయంత్రం మానస ఫోన్ చేసింది. అక్కడ అప్పుడు పొద్దునట, వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వుతున్నారు. ఈసారి అక్క ఫోన్‌ను ముఖం ముందే పెట్టుకుంది. "బాపమ్మా, ఏమేం జూస్తవో జెప్పు, ముంగట్నే అన్ని మాట్లాడి పెడ్త. గుట్టల కాడికి పోదమా, కోట జూస్తమా?" అని పిల్ల అడిగింది.

"గుట్టలద్దు బిడ్డా, కోటలద్దు. అద్దం పడవ. ఉన్నన్ని రోజులు గదే."

"అరే, రోజూ గదేనా? మస్తు జాగలున్నయే బాపమ్మా!"

"గదే సాలు. ఇగో, ఒకటి అడుగుత. నల్ల దారం, పూస, విమానంల తీస్కరానిస్తరా?"

"దారమే గద, ఎందుకు రానియ్యరు? ఏం దారమే?"

"మొలతాడు."

మానస నవ్వింది. "ఈడ చిన్న పిలగాండ్లు ఎవలున్నరే? ఎవలకు కడ్తవ్?"

అక్క ఒకసారి నా వైపు చూసింది. తర్వాత ఫోన్‌లోకి, పక్కింటి మనిషి గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

"మీ పెద్దబాపుకు."

తెర మీద మానస ముఖం నవ్వుతూ నవ్వుతూ అట్లాగే ఆగిపోయింది. సిగ్నల్ పోయిందో, పిల్లే ఆగిపోయిందో నాకు తెలియలేదు.